సరే అన్న మాట



ఈ పుటలో ఇంతవరకు ఛందస్సు, సమస్యాపూరణలు, మా తరగతి గది ముచ్చట్లు తప్ప వేరొకటి వ్రాయలేదు. ఈసారి విమానాశ్రయాల సంగతి వ్రాస్తున్నాను. జీవితంలో నాలుగుసార్లు మాత్రమే విమానమెక్కిన తెలుగు పండితునికి రన్‌వేలతో ఏం పని అని మీరు అడగవచ్చు. చివరిదాకా ఓపిక పట్టండి. పని ఉన్నదని మీరే అంటారు.

నా మేనల్లుడు ఒక విమానాశ్రయంలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలరు. సంక్రాంతికి మా ఇంటికి వచ్చినప్పుడు జరిగిన మాట ఇది. వాడి అత్త వంటింట్లోంచి "సాయంత్రం వచ్చేటప్పుడు కొబ్బరికాయలు తీసుకురండి" అని కేక వేసింది. నేను చదువుతున్న పుస్తకంలోంచి తల ఎత్తకుండా "సరే" అన్నాను. వాడు నవ్వి, "మావయ్యా, మీరన్న సరేకి అర్థమేమిటి? వినబడిందనా, ఒప్పుకున్నాననా, తెస్తాననా?" అని అడిగాడు.

"మూడూనురా" అన్నాను.

"మా ఉద్యోగంలో మూడింటికీ మూడు మాటలున్నాయి. ఒకదాని చోట మరొకటి వాడకూడదు" అన్నాడు.

ఆ సాయంత్రం నేను కొబ్బరికాయలు మరచి ఇంటికి వచ్చానని వేరే చెప్పనక్కరలేదు.

భోజనాలయ్యాక పెరట్లో మంచం వేసుకుని వాణ్ణి కదిలించాను. వాడు చెప్పినకొద్దీ, ఇది యంత్రాల శాస్త్రం కాదు, మన శబ్దార్థ శాస్త్రమే వేరొక వేషంలో వచ్చి కూర్చున్నదనిపించింది. 'రోజర్' అంటే నీ మాట నాకు పూర్తిగా అందింది అని మాత్రమే. ఒప్పుకోలు కాదు, ఔననడం కాదు. 'విల్కో' అంటే అర్థమైంది, ఆ ప్రకారం చేస్తాను అని. 'అఫర్మ్' అంటే అవును. ఇది వెనుక 'అఫర్మేటివ్'గా ఉండేదట. రేడియో గురగురలో మొదటి సగం మింగుడు పడిపోతే మిగిలిన తోక 'నెగెటివ్' తోకలాగే వినబడుతుంది కదా! అందుచేత తోక కత్తిరించారు. అంకెలలోనూ ఇదే జాగ్రత్త. మూడును 'ట్రీ' అని, అయిదును 'ఫైఫ్' అని, తొమ్మిదిని 'నైనర్' అని పలకాలి. ఫైవ్, నైన్ అనేవి రెండూ రొదలో ఒకేలా చెవిన పడతాయి. పిల్లల చేత శ, ష, స పలికించడానికి ముప్పై నాలుగేళ్ళు గొంతు చించుకున్నవాణ్ణి. ఉచ్చారణ దోషానికి ప్రాణాలతో వెల కట్టే వృత్తి ఒకటున్నదని తెలిసి నాకు ఒళ్ళు గగుర్పొడిచింది.

మన ఆలంకారికులు శబ్దానికి అభిధ, లక్షణ, వ్యంజన అని మూడు శక్తులు చెప్పారు. గంగ మీద పల్లె అంటే గట్టు మీద పల్లె అని గ్రహించడం లక్షణ. పొద్దు కుంకిందంటే ఇంటికి పొమ్మని సూచించడం వ్యంజన. కావ్యానికి వ్యంజనే ప్రాణం. విమానాశ్రయంలో మాత్రం అభిధ తప్ప తక్కిన రెండింటికీ ప్రవేశం లేదు. శ్లేష అయితే సాక్షాత్తు యముడే. 1989లో కౌలాలంపూర్ దగ్గర ఒక సరుకు విమానానికి 'టూ ఫోర్ జీరో జీరో', అంటే రెండువేల నాలుగువందల అడుగులకు దిగమని చెప్పారు. పైలట్లు ఆ మొదటి 'టూ'ను అంకెగా కాక 'వరకు' అనే విభక్తిగా విన్నారు. నాలుగువందల అడుగులకు దిగబోయి కొండను ఢీకొన్నారు. నలుగురు పోయారు. ఒక్క ధ్వని, రెండర్థాలు, నాలుగు ప్రాణాలు.

ఇక నేల మీది సంగతి. విమానాలు రన్‌వే దాకా నడిచి వెళ్ళే దారులను ట్యాక్సీవేలంటారు. ఆ దారుల మీది రాకపోకలు చూసే కంట్రోలరును 'గ్రౌండ్' అని, రన్‌వేను కాచేవారిని 'టవర్' అని పిలుస్తారు. ట్యాక్సీవే రన్‌వేను కలిసే చోట నేల మీద నాలుగు పసుపు గీతలుంటాయి. రెండు నిండు గీతలు, రెండు తెగిన గీతలు. నిండు గీతల వైపు నుంచి వచ్చేవాడు అనుమతి లేనిదే వాటిని దాటరాదు. ఎక్కడ ఆగమన్నారో, ఏ రన్‌వే మీదికి వెళ్ళమన్నారో, ఆ మాటను పైలట్ తిరిగి అప్పజెప్పాలి. కంట్రోలరు దానిని విని, తప్పుంటే దిద్దాలి. "మీ వల్లెవేతే మావయ్యా" అన్నాడు మా వాడు. నిజమే. అక్షరం జారిపోకుండా పద, క్రమ, జట, ఘన పాఠాలలో వేదాన్ని ముందుకూ వెనుకకూ వల్లె వేయించిన జాతి మనది. మాట నోటినుంచి వెలువడితే చాలదు, చెవి దాకా వెళ్ళి మళ్ళీ తిరిగి రావాలి.

మా వాడు వెళ్ళిపోయాక ఈ విషయం నన్ను వదలలేదు. అంతర్జాలంలో దొరికినవన్నీ చదివాను. చదివినవాటిలో ఒకటి నాకు చాలా రాత్రులు నిద్ర లేకుండా చేసింది. అది 1977 మార్చి 27న స్పెయిన్ దేశపు కానరీ దీవులలో, టెనెరిఫె ద్వీపంలోని లోస్ రోదేయోస్ విమానాశ్రయంలో జరిగింది. పక్క ద్వీపపు విమానాశ్రయంలో బాంబు పేలడంతో అక్కడికి పోవలసిన విమానాలన్నిటినీ ఈ చిన్న చోటికి మళ్ళించారు. ఆగివున్న విమానాలతో ట్యాక్సీవే నిండిపోయింది. అందుచేత బయలుదేరేవి రన్‌వే మీదనే వెనక్కు నడిచి, చివర తిరగవలసి వచ్చింది. అది కొండల నడుమ ఉన్న చోటు. మబ్బు నేల మీదికి దిగింది. నేల మీది విమానాలను చూపే రాడార్ అక్కడ లేదు. కంట్రోలరుకు విమానాలు కనబడవు. విమానాలకు ఒకటికొకటి కనబడవు. అందరికీ ఆధారం చెవి ఒక్కటే.

డచ్చి వారి కేఎల్ఎం జంబో రన్‌వే చివరికి వెళ్ళి తిరిగి నిలబడింది. అమెరికా వారి పాన్ ఆమ్ జంబో అదే రన్‌వే మీద దాని వెనుకనే వస్తున్నది. మూడవ మలుపు దగ్గర పక్కకు తప్పుకోమని దానికి చెప్పారు. మబ్బులో అది ఆ మలుపు దాటిపోయింది. ఇంతలో డచ్చి విమానానికి గాలిలో పోవలసిన మార్గం చెప్పారు. అది మార్గానికి అనుమతి, పరుగుకు కాదు. కాని ఆ వాక్యంలో 'టేకాఫ్ తరువాత' అన్న మాట ఉన్నది. కో-పైలట్ దానిని అప్పజెప్పి, చివర 'మేమిప్పుడు టేకాఫ్ దగ్గర ఉన్నాము' అనే అర్థం వచ్చే మాట అన్నాడు. నిలబడి ఉన్నామనా, పరుగు మొదలుపెట్టామనా? రెండూ చెప్పుకోవచ్చు. కంట్రోలరు దానికి బదులుగా 'ఓకే' అన్నాడు. ఒకటి రెండు క్షణాలు ఆగాడు. తరువాత 'టేకాఫ్ కోసం వేచి ఉండు, నేను పిలుస్తాను' అన్నాడు. సరిగ్గా అదే సమయంలో పాన్ ఆమ్ పైలట్ కంగారు పడి 'మేమింకా రన్‌వే మీదనే ఉన్నాము' అని చెప్పాడు. ఆ రేడియోలో ఒకసారి ఒకరే మాట్లాడాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా పోయి కీచుమన్న మోత మిగులుతుంది. డచ్చి విమానంలో 'ఓకే' స్పష్టంగా వినబడింది. తరువాతిది కీచుమన్నది. రెండు విమానాలలోనూ కలిసి 583 మంది మరణించారు. విమానయాన చరిత్రలో ప్రమాదంగా జరిగిన వాటిలో ఇంతకంటె పెద్దది ఈనాటికీ లేదు.

వాక్యం అర్థవంతం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలని మేము విద్యార్థి దశలో చదువుకున్నాము. సన్నిధి అంటే పదాలు ఎడం లేకుండా ఒకదాని వెంట ఒకటి పలకబడడం. ఇప్పుడు 'ఆవును' అని, జాము గడిచాక 'తోలుకొని రా' అంటే అది వాక్యం కాదు అని మా గురువుగారు నవ్వుతూ చెప్పేవారు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అది. 'ఓకే'కూ 'వేచి ఉండు'కూ నడుమ సన్నిధి తప్పిన ఒకటి రెండు క్షణాలలో అన్ని ప్రాణాలు పోయాయని చదివినప్పుడు, ఆ రెండు మార్కుల ప్రశ్న నా కళ్ళ ముందు నిలబడింది. ఆకాంక్ష శాస్త్రంలో పదానికి పదం మీద ఉండేది. ఇక్కడ మనిషికి కూడా ఉన్నది. ఆలస్యమైపోయి, వెళ్ళిపోవాలని ఉన్న మనిషి చెవి తనకు కావలసిన పదం దగ్గర మూసుకుపోతుంది.

ఇంకొకటి కూడా ఉన్నది. ఆ డచ్చి కెప్టెన్ వాన్ జాంటెన్ ఆ సంస్థలో జంబో విమానం నడపడం నేర్పే ముఖ్య శిక్షకుడు. అంటే మాస్టారు. విమానం పరుగెత్తుతుండగా ఫ్లైట్ ఇంజనీరుకు రేడియోలో మరొక మాట చెవిన పడి, ఆ పాన్ ఆమ్ విమానం ఇంకా తప్పుకోలేదా అని అనుమానంగా అడిగాడు. తప్పుకున్నదని కెప్టెన్ గట్టిగా అన్నాడు. అడిగినవాడు మరి మాట్లాడలేదు. మాస్టారు గట్టిగా చెప్పాక మళ్ళీ అడిగేదెవరు?

ఆ తరువాత నియమాలు మారాయి. 'టేకాఫ్' అన్న మాటను అనుమతి ఇచ్చేటప్పుడు, ఆ అనుమతిని రద్దు చేసేటప్పుడు తప్ప పలకరాదన్నారు. మిగతా చోట్ల 'డిపార్చర్' అనాలి. ముఖ్యమైన అనుమతికి 'ఓకే' అంటే చాలదు, మాటను మాటగా అప్పజెప్పాలి. చిన్నవాడికి సందేహం వస్తే పైకి అనాలని, పెద్దవాడు వినాలని, విమాన సిబ్బందికి ప్రత్యేకంగా శిక్షణ ఇవ్వడం మొదలైంది. అమెరికాలో రన్‌వే మీదికి వెళ్ళి ఆగమనడానికి ఎంతో కాలంగా వాడుతున్న 'పొజిషన్ అండ్ హోల్డ్' అన్న మాటను కూడా 2010లో మాని, మిగతా ప్రపంచం వాడే 'లైనప్ అండ్ వెయిట్'లోకి మారారు. ఒక్కచోట ఒక అర్థం, మరొకచోట మరొక అర్థం ఉండకూడదని.

ఇంతతో తీరిందా అంటే తీరలేదు. 2001 అక్టోబరు 8న ఇటలీలో, మిలాన్ నగరపు లినాతే విమానాశ్రయంలో మంచు కమ్మినవేళ, ఆర్-5 దారిన పొమ్మన్న ఒక చిన్న విమానం ఆర్-6 దారిన వెళ్ళింది. తాను ఫలానా గుర్తు దగ్గరకు వస్తున్నానని పైలట్ చెప్పాడు కూడా. ఆ గుర్తు ఒకటి నేల మీద ఉన్నదనే కంట్రోలరుకు తెలియదు. సంకేతం చెప్పేవాడికీ వినేవాడికీ సమానంగా తెలిసి ఉంటేనే శబ్దం అర్థాన్నిస్తుందని కదా మన శాస్త్రం! నేల రాడార్ అప్పుడు పని చేయడం లేదు. 118 మంది పోయారు.

2024 జనవరి 2న టోక్యోలోని హనేదా విమానాశ్రయంలో జరిగినది మరీ చిత్రమైనది. ముందురోజు నోతో ప్రాంతంలో భూకంపం వచ్చింది. బాధితులకు సామగ్రి తీసుకువెళ్ళే తీరరక్షక దళం విమానానికి, నీవు 'నంబర్ వన్', ఫలానా గీత దాకా వెళ్ళు అని చెప్పారు. బయలుదేరే వరుసలో నీవు మొదటివాడివి అని దాని భావం. ఆ విమానం వారు మాటను సరిగ్గానే అప్పజెప్పారు. కాని రన్‌వే మీదికి వెళ్ళడానికి అనుమతి దొరికిందనుకుని వెళ్ళి సుమారు నలభై సెకన్లు అక్కడే నిలిచారు. చీకటిలో దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం వచ్చి కొట్టింది. ఆ పెద్ద విమానం మంటలలో కాలిపోయినా అందులోని 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. తీరరక్షక విమానంలోని ఆరుగురిలో కెప్టెన్ ఒక్కడే మిగిలాడు. 'నంబర్ వన్' అనే మాటను జపాన్‌లో కొంతకాలం నిలిపివేశారు.

అప్పజెప్పడం సరిగ్గానే ఉన్నది, అర్థం తప్పింది. ఇది చదివి నేను చాలాసేపు కదలలేదు. వల్లెవేతను నమ్ముకుని బతికినవాణ్ణి. పాఠం తప్పు లేకుండా అప్పజెప్పి, అర్థం అడిగితే నేల చూపులు చూసిన పిల్లలు ఎందరో నాకు గుర్తు. మాటను తిరిగి తెప్పించుకోవడం ఎంత అవసరమో, కంటితో చూడడమూ అంతే అవసరం. అందుకే ఆగవలసిన గీత దగ్గర ఎర్రదీపాలు, కంట్రోలరు ముందు హెచ్చరిక తెర కూడా పెడతారు. ఆ రోజు హనేదాలో ఆ గీత దగ్గరి దీపాలు పని చేయడం లేదు. తెర మీద హెచ్చరిక వచ్చినా కంట్రోలరు గమనించలేదు. రక్షణ అన్నది ఒక్క గోడ కాదు, గోడ వెనుక గోడ.

ఇక అసలు విషయానికి వస్తాను.

1988 కార్తీకంలో మేము తొమ్మిదో తరగతి పిల్లలను అమరావతికి వనభోజనాలకు తీసుకువెళ్ళాము. నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. అమరేశ్వరుని దర్శనమయ్యాక కృష్ణ ఒడ్డున భోజనాలు. నేను మెట్ల పైన నిలబడి విస్తళ్ళలో పులిహోర వడ్డిస్తున్నాను. కింది మెట్ల మీదినుంచి ఒక పిల్లవాడు "మాస్టారూ, అటువైపు దిగుతామండీ" అన్నాడు. చేతులు కడుక్కోవడానికి కింది మెట్టుకు దిగుతారనుకున్నాను. "సరే" అన్నాను. చేతిలో గరిటె, ముందు విస్తరి. ఒక ముద్ద వడ్డించి తల ఎత్తి చూస్తే వాళ్ళు మెట్లు వదిలి రాళ్ళ వైపు పోతున్నారు. "ఆగండి, నేనొస్తున్నాను" అని అరిచాను. అదే సమయంలో రేవులో మర పడవ బయలుదేరింది. దాని మోతలో నా మాట కలిసిపోయింది.

ఆ పిల్లవాడు రాళ్ళ మీద కాలు జారి లోతులో పడ్డాడు. పడవ వాళ్ళలో ఒకతను దూకి జుట్టు పట్టుకుని లాగాడు. ప్రాణం దక్కింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు.

తరువాత బడిలో విచారణ జరిగింది. 'ఆగుమని బిగ్గరగా హెచ్చరించితిని. విద్యార్థి వినక నీటిలోనికి దిగెను' అని వ్రాసి ఇచ్చాను. ఇందులో అబద్ధపు మాట ఒక్కటి లేదు. ఆగమన్నాను, బిగ్గరగానే అన్నాను. దానికి ముందు సరే అన్నాననే మాట ఒక్కటే వ్రాయలేదు. కొత్త ఉద్యోగం, పసిబిడ్డ, ఇల్లు. ఎందుకు వ్రాయలేదో కారణాలు చెప్పగలను కాని, అవి ఇప్పుడు చెప్పి ఉపయోగం లేదు. ఆజ్ఞ మీరినందుకు ఆ పిల్లవాణ్ణి వారం రోజులు తరగతి బయట నిలబెట్టారు. ప్రార్థన సమయంలో అందరి ముందు క్షమాపణ పత్రం చదివించారు. ఆ పత్రంలోని అక్షరదోషాలు ఎర్ర సిరాతో దిద్దినవాణ్ణి నేనే.

అమెరికాలో 1976 నుంచి నాసా వారు నడిపే ఒక వ్యవస్థ ఉన్నది. పైలట్లు, కంట్రోలర్లు తమ పొరపాట్లను తామే వ్రాసి పంపుతారు. పేరు తీసివేసి, ఆ పొరపాటును మాత్రం అందరికీ తెలియజేస్తారు. దాచుకుంటే అదే చోట మరొకరు పడతారు కనుక. దండన భయం ఉన్నచోట సత్యం సగమే బయటకు వస్తుందని వారు గ్రహించారు. ఆ సగం సత్యం ఎలా ఉంటుందో నా వాంగ్మూలం చూస్తే తెలుస్తుంది.

టెనెరిఫె సంగతి చదివిన కొద్దిరోజులకు ఆ విద్యార్థి ఫోను నంబరు సంపాదించి పిలిచాను. యాభై దాటినవాడు. గుంటూరులో ఏదో వ్యాపారం. కుశల ప్రశ్నలయ్యాక, "ఒరేయ్, అమరావతిలో ఆ రోజు నేను ముందు సరే అన్నాను, నీకు గుర్తుందా?" అని అడిగాను.

కొంతసేపు మాట లేదు. "ఉందండి మాస్టారూ. మీరు సరే అన్నాకే దిగాను. తరువాత మీరేమన్నారో వినబడలేదు" అన్నాడు.

"మరి అప్పుడు చెప్పలేదేమిరా?"

"మీరు కాదంటారేమోనని భయమేసిందండి."

కాదనేవాడినే. ఆ మాట కూడా వాడితో చెప్పాను. వాడు పెద్దగా నవ్వి, "పోనీలెండి మాస్టారూ, ఇప్పుడెందుకు" అన్నాడు. ఆ నవ్వుతో నా మనసు తేలికపడిందని వ్రాస్తే అది మరొక సగం సత్యం అవుతుంది. ప్రార్థన సమయంలో నిలబడిన పద్నాలుగేళ్ళ పిల్లవాడు నవ్వలేదు కదా!

మరునాడు ఒక ఉత్తరం వ్రాసి వాడికి తపాలాలో పంపాను. జరిగినది జరిగినట్టు, సరే అన్న మాటతో సహా వ్రాశాను. తప్పులుంటే దిద్దమన్నాను. ఇంకా బదులు రాలేదు. రాకపోయినా నాకు అభ్యంతరం లేదు.

మీలో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. పిల్లవాడు దూరం నుంచి ఏదైనా అడిగితే, సరే అనేముందు ఒకసారి వాడి చేతనే మళ్ళీ చెప్పించండి. ఎక్కడికి, ఎంత దూరం, ఎవరితో అని అడగండి. సరే అన్నాక ఆగమనవలసి వస్తే, అరవకండి. పరుగెత్తండి.

సెలవు.